నీళ్లు లేని తొట్టెలో

స్నానపు తొట్టెలమ్మే ఆ పెద్దాయన ముందుగా కొలతలు చెప్పడు. చెప్పులు విప్పించి, కొనేవాళ్లనే తొట్టెలోకి దిగమంటాడు. వెనక్కి వాలితే మెడ ఎక్కడ ఆనుతుందో, పాదాలు ఎక్కడ తగులుతాయో వంగి చూస్తాడు. ఆ రోజు మోకాలి ఆపరేషనైన ఒకామె భర్తతో వచ్చింది. భర్త సింహపు పాదాల్లాంటి కాళ్లున్న లోతైన తొట్టె మీద మనసు పడ్డాడు.

"దీన్లోకి దిగాలంటే నాకు నిచ్చెన కావాలి," అందామె.

"నేనున్నాగా, ఎత్తి దింపుతా."

"ఇన్నాళ్లూ మీరే పోశారుగా నీళ్లు! ఇక నా స్నానం నన్ను చేసుకోనివ్వండి, మహానుభావా!"

పెద్దాయన నవ్వి, అంచు ఎత్తు తక్కువున్న తొట్టె చూపించాడు. ఆమె అంచు పట్టుకుని, ఒక కాలు, తర్వాత రెండోది లోపల పెట్టి, తనంతట తానే కూర్చుంది. సాయానికి చాచిన చెయ్యి ఏం చేసుకోవాలో తెలియక భర్త అలాగే నిలబడిపోయాడు. పెద్దాయన ఆమె పక్కన పెట్టిన హ్యాండ్‌బ్యాగు తీసి, మెల్లగా ఆ చేతికి తగిలించాడు.