ఏసుపాదంగారి ఎక్కువ కొవ్వొత్తి

ఏసుపాదంగారికి ఒకటే జబ్బు. సమాధి కనిపిస్తే కొవ్వొత్తి వెలిగించనిదే కదలలేరు. ఎవరిది, ఏ మతం, పోయి ఎన్నాళ్ళయింది అనే విచారణ ఉండదు. కొందరికి టీకొట్టు కనిపిస్తే కాలు ఆగిపోతుంది చూడండి, అలాగ. నర్సాపురంలో ఏటా సమాధుల పండక్కి సున్నం వేసి, బంతిపూలు పరిచి, చీకటిపడ్డాక శ్మశానమంతా దీపాలు పెట్టిన చేతులవి. అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో కొడుకింటికి వచ్చినా ఊరుకోలేదు.

"నాన్నా, అమెరికాలో కరెంటు పోదు. జేబులో ఇవెందుకు?" అనేవాడు కెన్నీ.

"కరెంటు పోకపోతే ఏంరా, మనుషులు పోతారుగా."

ఈమధ్య జబ్బు ముదిరింది. ఎన్ని కావాలో అన్ని తీసుకుని, పైన ఒకటి ఎక్కువ తీసుకోవడం మొదలుపెట్టారు. కాలిఫోర్నియా ప్రయాణంలో సెక్యూరిటీ అతను ఆ కొవ్వొత్తులన్నీ ట్రేలో పేర్చి, బర్త్‌డేనా అని అడిగాడు. కోడలు ఫెబీ ఆ మాట తెలుగులో చెప్పింది.

"కాదు, దానికి ఎదురురోజు అని చెప్పమ్మా" అన్నారాయన.

ఫెబీ "యెస్, బర్త్‌డే" అని చెప్పి గండం గట్టెక్కించింది. ఆ మాట నోట్లోంచి వచ్చాక విమానం ఎక్కేదాకా ఆమె మళ్ళీ మాట్లాడలేదు.

రెండేళ్ళ కిందట ఫెబీకి నెలలు నిండకుండానే పాప పుట్టి, ఊపిరి తీసుకోలేదు. మిగతాదంతా హాస్పిటల్ వాళ్ళే చూసుకున్నారు. సమాధి లేదు, ఫోటో లేదు. ఆ మాట ఎత్తితే ఫెబీ ఏమైపోతుందోనని కెన్నీ ఎత్తడు, కెన్నీ ఏమైపోతాడోనని ఫెబీ ఎత్తదు. మాట్లాడుకోకుండా తిరగాలంటే చూసే చోట్లు చాలా కావాలి. అందుకే కెన్నీ ఈ ట్రిప్ బుక్ చేశాడు.

వాళ్ళు వెళ్ళింది ఒకప్పటి బంగారు గనుల ఊరు. ఇలాంటి ఊళ్ళు లోకంలో ఎక్కడైనా ఒకటే తీరు. గని మూస్తారు, బ్యాంకు మూస్తారు, సారాకొట్టు మూస్తారు. శ్మశానం మాత్రం తెరిచే ఉంటుంది. పగలు వాగు ఒడ్డున టూరిస్టులు బంగారం కోసం పళ్ళాలతో ఇసుక కడుగుతున్నారు. కెన్నీ పళ్ళెంలోంచి ఇసుకంతా నీళ్ళలోకి పోయింది.

"మీ అమ్మ బియ్యం గాలిస్తుంటే చూళ్ళేదుట్రా? అడుగున మిగిలే ఆ రాళ్ళే ఇక్కడ బంగారం" అని ఏసుపాదంగారు పళ్ళెం లాక్కున్నారు. అడుగున రాళ్ళే మిగిలాయి.

గుట్టమీద శ్మశానం. గేటు దగ్గర బోర్డు: ఎండుగడ్డి, మంట వెలిగించరాదు. బోర్డుమీది మాటకి జీవితంలో ఎదురుచెప్పని మనిషి, జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడిపోయారు. లోపల ఫెబీ ఓ చిన్న సమాధిరాయి ముందు ఆగింది. 'మా పాప' అని ఇంగ్లీషులో చెక్కి ఉంది, పేరు లేదు. ఆమె గబగబా కారువైపు వెళ్ళిపోవడం ఆయన చూశారు.

సాయంత్రం ఆయన పాత సారాకొట్టు మెట్లమీద దిగాలుగా కూర్చున్నారు. ఫెబీకి జాలేసింది.

"ఎవరెవరివో పాత సమాధులు. పోనీండి మామయ్యా."

"మిగతావి పోనీలేమ్మా. ఆ ఎక్కువది ఒక్కటైనా పెట్టాలి."

"అది ఎవరికి?"

ఆయన జేబులోంచి కొవ్వొత్తి తీశారు. "మన పాపకి. దానికంటూ ఓ చోటు లేదు కదా తల్లీ. ఏ ఊరెళ్ళినా పేరులేని సమాధి దగ్గర పెడుతున్నా. చెబితే నొచ్చుకుంటావని చెప్పలేదు."

ఫెబీ లేచింది. ఎదురు షాపులోకి వెళ్ళి బ్యాటరీ కొవ్వొత్తి ఒకటి కొనుక్కొచ్చింది.

రాత్రి దెయ్యాల టూరుంది, గైడు లాంతరు పట్టుకుని పాతచోట్లన్నీ తిప్పి దెయ్యాల కథలు చెబుతాడు. కాళ్ళనొప్పులని చెప్పి ఇద్దరూ కెన్నీ ఒక్కణ్ణే పంపి, గుట్టెక్కారు. ఫెబీ రాయి ముందు దీపం పెట్టి స్విచ్ వేసింది.

"ఇది ఆరదా అమ్మా?"

"బ్యాటరీ ఉన్నంతసేపూ ఆరదు మామయ్యా."

"అయితే మన మైనపుదానికంటే నయమే." పేరులేని ఆ రాయి వంక చూసి అడిగారు. "పేరేమైనా అనుకున్నావా?"

రెండేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. "కెజియా" అంది ఫెబీ. పైకి అనడం ఆమెకూ అదే మొదలు.

ఆయన గొంతు సవరించుకుని ప్రార్థన ఎత్తుకున్నారు. నర్సాపురం చర్చిలో మైకు అక్కర్లేని గొంతు. బిర్యానీలు చల్లారిపోయినా ఆమెన్ దాకా రాని ప్రార్థన.

సరిగ్గా అప్పుడే టూరువాళ్ళు లాంతర్లతో గేటు దగ్గరికి వచ్చారు. చీకట్లో చిన్న వెలుగు, తెల్లచొక్కా, తెలియని భాషలో కంచుగొంతు. అందరికంటే ముందు పరిగెత్తినవాడు గైడు.

ఒక్కడు ఆగాడు. గొంతు గుర్తుపట్టి ఆగాడు. మధ్యలో "మా కెజియా" అని వినబడ్డాక లోపలికి నడిచాడు. వచ్చి ఫెబీ పక్కన గడ్డిలో కూర్చున్నాడు.

"కెజియానా?"

"ఊఁ."

"బావుంది" అన్నాడు కెన్నీ. తర్వాత ఇద్దరూ ఏడ్చారు, రెండేళ్ళు దాచిందంతా. ప్రార్థన మాత్రం ఆగలేదు. ఆఖరికి కెన్నీయే ముక్కు తుడుచుకుంటూ, "నాన్నా, ఆమెన్ చెప్పు. చలేస్తోంది" అన్నాడు.

ఆ గైడు టూరులో ఇప్పుడో కొత్త దెయ్యం చేరిందట. ఎవరికీ హాని చెయ్యదట. ఏదో చెబుతూనే ఉంటుందట. పాపం, ఎక్కడ ఆపాలో దానికి తెలియదట.