చేతులెత్తమంటే డబ్బాలెత్తారు

2022 వేసవి. దుబాయ్ దగ్గర ఉమ్ అల్ క్వైన్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీకి నేను క్యాంప్ బాస్‌ని. పేరులో బాస్ ఉంది గానీ, చేసేది కార్మికుల గదులు, మెస్సు, బస్సులు చూసుకోవడం. మాది కాకినాడ.

ఆ ఏడు వెల్ఫేర్ కమిటీకి, అంటే కార్మికుల తరఫున కంపెనీతో మాట్లాడే కమిటీకి, ప్రెసిడెంట్‌ని ఎన్నుకోమన్నారు. ముందు ఒక్కో బ్లాకు తన అభ్యర్థిని తేల్చుకోవాలి, వాళ్ళలోంచి ఒకరు ప్రెసిడెంట్. మొదటి వంతు సి బ్లాకుది. అక్కడంతా జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళే. ముదీర్, అంటే మా మేనేజర్, ఫోర్‌మన్‌ని నిలబెట్టాడు. పోటీకి దిగింది ఆ బ్లాకు తాపీమేస్త్రీ రాజన్న. అతను అడిగేది ఒక్కటే.

"పొద్దుగాల డబ్బాల వెట్టిన అన్నం పగటియాళ్లకల్ల పాశిపోతున్నది సారూ. గదే తిని ఎండల పని జేస్తున్నం. యాళ్లకు వండి, ఉడుకుడుకుగ పంపుండ్రి."

అతని వీసా రెన్యువల్ ముదీర్ చేతిలో ఉంది. అయినా తగ్గలేదు.

"చీటీలొద్దు, చేతులెత్తించు. ఎవడెటో నేనే చూస్తా," అన్నాడు ముదీర్. తను ఎదురుగా నిలబడితే భయపడి ఎవడూ చెయ్యెత్తడని ఆయన లెక్క. అక్కడే బోల్తా పడ్డాడు.

సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే అందర్నీ మెస్సులో కూర్చోబెట్టాం. ఫోర్‌మన్ పేరు చదివాను. ఆరు చేతులు లేచాయి. రాజన్న పేరు ఇంకా పూర్తిగా పలకనే లేదు, మిగతా బ్లాకంతా లేచి నిలబడింది. ఎత్తింది వట్టి చేతులు కాదు. మధ్యాహ్నం తినలేక వెనక్కి తెచ్చుకున్న డబ్బాలు, మూతలు తీసి మరీ ఎత్తారు. ఆ కంపు ముదీర్ ముక్కుకీ తగిలింది. అబ్బ, నా కడుపు చల్లబడింది!

"ఊరోళ్ళు ఊరోడికి వేసుకున్నారు. ఇదీ ఒక గెలుపేనా? చెల్లదని రాసెయ్, ఖలాస్," అని నామీద హిందీలో అరిచాడు ముదీర్.

రాజన్న నా వైపు తిరిగాడు. "సారూ, ఆయనకు హిందీల మంచిగ జెప్పు. నా కోపం, నా గురక, నా తిక్క అన్నీ ఎరుకున్నది వీళ్లకే. నన్ను వద్దనాలంటే అందరికన్న ముందుగాల వీళ్లే అనాలె."

ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాను. గెలిచింది రాజన్న అని రిపోర్టు రాసి, సంతకం పెట్టి, ముదీర్ ముందు పెట్టాను.

"నీ ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నావా?"

"మీ ఇష్టం సార్. రాసింది మాత్రం మార్చను," అన్నాను.

డబ్బాల సంగతి మిగతా బ్లాకులకీ పాకింది. రాజన్నే ప్రెసిడెంటయ్యాడు. వీసా ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నెల తిరక్కుండా సైటుకి వేడన్నం బండి వచ్చింది. నన్ను మాత్రం వేరే క్యాంపుకి తోలేశారు, పోనీండి.

సొంత మనుషుల ఓట్లతో గెలవడం ఏం గొప్ప అని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. రోజూ మీ పక్క మంచం మీద పడుకునేవాళ్ళ ముందు ఒక్కసారి నిలబడి చూడండి, ఎన్ని చేతులు లేస్తాయో.