బైండింగ్ అవ్వ పోగొట్టని పేజీ

పోయిన సోమవారం పొద్దున నేను జడ వేసుకుంటుంటే అమ్మ పాల ప్యాకెట్లు తీసుకొని లోపలికి వస్తూ చెప్పింది. "ఒమే, బైండింగవ్వ పోయినాదంట. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టినాదంట, అట్లనే గోడకు ఒరిగిపోయినాదంట. మనమరాలు పిలిస్తే పలకలేదంట."

రిబ్బను నా చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వు శానా దినాలు పోతాంటివి గదా వాళ్ళింటికి" అంది అమ్మ.

"ఊఁ" అన్నాను. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కొళాయి తిప్పి, బకెట్ నిండి నీళ్ళు పారేదాకా నిలబడ్డాను. ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సండూరులో మా వీధి చివర ఒక రిటైర్డ్ టీచర్ తన ఇంటి ముందు గదిలో చిన్న లైబ్రరీ నడుపుతారు. ఆయన్ని అందరూ మేష్ట్రు అంటారు. మీలో ఎవరైనా అక్కడ పుస్తకం తీసుకొని ఉంటే అవ్వ చేతిపని మీ ఇంటికి వచ్చే ఉంటుంది. వీపు ఊడినవీ అట్టలు పోయినవీ అన్నీ ఇరవై ఏళ్ళుగా అవ్వ దగ్గరికే వెళ్ళేవి. తర్వాత వెళ్ళడం మానేశాయి. అవ్వ ఒక పుస్తకంలో పేజీ పోగొట్టిందని, కండ్లు కనబడక పని పాడు చేసిందని మీరు విని ఉంటారు. అది నిజం కాదు. ఆ పేజీ చింపింది నేను.

మేష్ట్రు లైబ్రరీలో కిటికీ పక్కన ఒక అర ఉంది. దాని మీద కన్నడంలో 'నొందవరు' అని చీటీ అంటించి ఉంటుంది. అంటే నొప్పి పడినవాళ్ళు. చేయని నేరానికి జైల్లో ఉన్నవాళ్ళు, ఇంట్లోవాళ్ళ చేతుల్లో దెబ్బలు తిన్నవాళ్ళు, పొలం లాగేసుకుంటే కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళు, అలాంటివాళ్ళ గురించిన పుస్తకాలు, కొన్ని వాళ్ళే రాసుకున్నవి. కన్నడం, తెలుగు, ఇంగ్లీషు అన్నీ కలిపే పెట్టారు. ఎక్కువగా నలిగేవి ఆ అరలోవే. "ఇవి తీసుకొనేవాళ్ళు రిజిస్టర్‌లో పేరు రాసేటప్పుడు ఒకసారి అటూ ఇటూ చూస్తారమ్మా" అనేవారు మేష్ట్రు. నేనూ చూసేదాన్ని.

ఎనిమిదో తరగతి నుంచి ఆ పుస్తకాలు అవ్వ దగ్గరికి మోసుకెళ్ళడం, కుట్టాక తిరిగి తేవడం నా పని. అవ్వ ఇల్లంటే ఒకటే గది, ముందర రేకుల పంచ. ఆ పంచలో కూర్చొని కుట్టేది. గనుల లారీలు పోయే రోడ్డు పక్కనే కాబట్టి మధ్యాహ్నానికల్లా అన్నిటి మీదా ఎర్రదుమ్ము పేరుకునేది. పుస్తకాన్ని కొంగుతో తుడిచాకే తెరిచేది. పురుగు పట్టకుండా మైదా గంజిలో మైలుతుత్తం కలిపేది. ఆ నీలం ఆమె గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఉండేది. దారాన్ని మైనం ముక్క మీద రెండుసార్లు లాగి, తనే సూదికి ఎక్కించుకునేది. నేను ఎక్కిస్తానంటే ఒప్పుకునేది కాదు. "నా కండ్లు బాగానే ఉండాయి. సోడాబుడ్డి అద్దాలు నీకుండాయి, నాకు గాదు" అనేది.

కిటికీ పక్క అరలోని పుస్తకాలకు మాత్రం మంచి కాలికో గుడ్డ దాచి ఉంచేది. ఎందుకని అడిగితే, "ముందే దెబ్బలు తిన్నోళ్ళు. అట్టన్నా గట్టిగా ఉండనీ" అంది.

అవ్వకు చదువు రాదు. అయినా పుస్తకంలో ఏముందో తెలియకుండా సూది గుచ్చేది కాదు. "ఎవురికి ఏమైందో తెలీకుండా కుట్టేదానికి మనసు రాదు పాపా. చెప్పు" అనేది. కన్నడం, తెలుగు పుస్తకాలు మనవరాలు చదివి చెప్పేది. ఇంగ్లీషువి నా వంతు. కథ అయిపోగానే ప్రతిసారీ ఒకటే ప్రశ్న. "ఆ యమ్మి ఇంగా బతికుండాదా?" నాకు తెలియదనేదాన్ని. "ఉండాదనుకుందాం" అని ఆఖరి ముడి వేసేది.

నా తెలుగు ఇంగ్లీషు మీడియం తెలుగు. ఒకసారి ఇంటి పని చేసే ఒక పిల్ల కథ చెబుతూ, "ఆ ఇంటాయన ఆమెను చాలా హర్ట్ చేశాడవ్వా" అన్నాను.

సూది ఆగింది. "హర్ట్ అంటే ఏంది?"

"అంటే... బాధపెట్టాడు."

"ఎట్ల బాధపెట్నాడు? కొట్నాడా, తిట్నాడా, ముట్నాడా?"

నేను కళ్ళద్దాలు పైకి తోసుకున్నాను.

"మూడిటికీ ఒకటే మాటనా మీ ఇంగ్లీషులో? బాగుండాదే! పోలీసప్పకు రాసుకునేదానికి సులభం" అని అవ్వ పకపకా నవ్వింది.

నేనూ నవ్వాను. కానీ ఆ మూడో మాట ఇంటికి వెళ్ళేదాకా చెవిలోనే ఉంది. అది అంత చిన్న మాట అని, గంజి కలుపుతూ అంత మామూలుగా అనేయగలిగే మాట అని నాకు అంతవరకూ తెలియదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా టౌన్ బస్సులో స్కూలుకు వెళ్ళేదాన్ని. ఆ బస్సులో ఒకతను రోజూ నా వెనకే నిలబడేవాడు. నాన్నకు తెలిసినవాడే. మా ఇంటికి వస్తే అమ్మ కాఫీ ఇచ్చేది. ఇంతకంటే రాయలేను. కొన్ని నెలల తర్వాత అతను వేరే ఊరికి వెళ్ళిపోయాడు. నేను ఎవరికీ చెప్పలేదు. స్కూల్లో మాకు గుడ్ టచ్, బ్యాడ్ టచ్ అని బొమ్మలు చూపించి నేర్పారు. ఇంటికి వచ్చాక ఆ మాట అమ్మతో ఎలా మొదలుపెట్టాలో నేర్పలేదు.

అప్పుడే ఆ అరలో ఒక పాత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నా వయసు అమ్మాయిలు తమకు జరిగినవి చెప్పిన పుస్తకం. 117వ పేజీలో ఒక అమ్మాయి, వాళ్ళమ్మ రొట్టెలు చేస్తుంటే వెనక నిలబడి తనకు జరిగింది చెబుతుంది. ముందు ఏ మాట అంది, వాళ్ళమ్మ ఏమంది, తర్వాత ఎంతసేపు ఇద్దరూ మాట్లాడకుండా ఉన్నారు, అంతా ఒకే ఆకులో ముందూ వెనకా ఉంది. ఆ ఆకు నా దగ్గర ఉంటే ఏదో ఒక రోజు నేనూ చెప్పగలను అనిపించింది. జిరాక్స్ తీయిద్దామంటే షాపప్ప చదువుతాడు. ఫొటో తీద్దామంటే ఫోను అమ్మది, అందులో ఏ ఫొటో ఉన్నా అక్క చూస్తుంది. స్కేలు ఆనించి నీట్‌గా చింపి ఫిజిక్స్ పుస్తకం అట్ట కింద పెట్టుకున్నాను. పుస్తకం వాపసు ఇచ్చేశాను.

రెండు వారాల తర్వాత మేష్ట్రు అదే పుస్తకం నా సంచిలో పెట్టి, "దీని వీపు వదులైంది, అవ్వకు ఇచ్చి రా" అన్నారు. వద్దంటే కారణం చెప్పాలి. మోసుకెళ్ళాను.

అవ్వ తుడిచి, పాత దారం కోసి, ఫారాలు విడదీసింది. ఫారం అంటే పదహారు పేజీల మడత. పుస్తకమంటే అలాంటి మడతలన్నీ కలిపి కుట్టినదే. ఒక ఫారం తీయగానే ఒక ఆకు జారి ఆమె ఒళ్ళో పడింది. 123వ పేజీ. నేను చేయి కూడా వేయని ఆకు.

"ఈడ ఎవురో ఆకు పీకినారు. ఇది దాని జోడు" అంది అవ్వ. "మడతలో ఏ ఆకూ ఒంటిగా ఉండదు పాపా. ఈ పక్కది పీకితే ఆ పక్కది పట్టు తప్పుతాది."

"ఎవరో ఏమో" అన్నాను.

"ఏముండె ఆ ఆకులో?"

"తెలీదవ్వా."

"నువ్వు చదవలేదా దీన్ని?"

"లేదు."

అవ్వ నన్ను చూసింది. ఎక్కువసేపు కాదు. జారిన ఆకు అంచుకు సన్నటి కాగితం పట్టీ అంటించి మళ్ళీ దాని చోట నిలబెట్టింది. నాకు తెలిసి ఎవరికేమైందో అడక్కుండా అవ్వ కుట్టింది ఆ ఒక్క పుస్తకమే.

మర్నాడు కుట్టిన పుస్తకాలు ఎక్కువున్నాయని అవ్వ కూడా నాతో లైబ్రరీకి వచ్చింది. కుట్టు అయి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ మేష్ట్రు పేజీ పేజీ తిప్పి చూస్తారు.

"అవ్వా, నూట పదహారు అయినాక నూట పంతొమ్మిది ఉండాది. నడుమ ఆకు ఎల్లి, యాడ పోయింది?"

"అట్లనే వచ్చిండె మేష్ట్రే."

ఆయన రిజిస్టర్ తెరిచారు. "ఆఖరున తీసుకున్నది నువ్వే గదమ్మా" అని నా వైపు తిరిగారు. "నువ్వు చదివినప్పుడు ఈ పేజీ ఉండెనా?"

నేను ఆ పుస్తకం చదవలేదని అవ్వతో చెప్పి ఒక్క రోజే అయింది. అవ్వ నా పక్కనే నిలబడి ఉంది.

"ఉండింది సార్" అన్నాను.

అది అబద్ధం కూడా కాదు. నేను చదివినప్పుడు ఆ పేజీ ఉంది. ఆ నిజంతోనే అవ్వను దొంగను చేశాను.

అవ్వ కుట్టిన పుస్తకాలను ఒకదాని మీద ఒకటి సర్దింది. తర్వాత, "అట్లయితే నాదే తప్పు మేష్ట్రే. కండ్లు మబ్బుగా ఉంటాండాయి. యాడనో గాలికి ఎగిరిపోయింటాది" అంది. తన సూదికి తనే దారం ఎక్కించుకునే అవ్వ.

మేష్ట్రు అరవలేదు. "వయసైంది, బిడు, వదిలెయ్ అవ్వా. ఇంక విశ్రాంతిగా ఉండు. హోస్పేటలో మిషన్ బైండింగు ఉండాదంట, అక్కడికి ఇస్తాను" అన్నారు. అవ్వ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకొని మెట్లు దిగింది. నాకు ఇంకా టైముంది. ఆమె గేటు దాటేలోపు పిలిచి చెప్పొచ్చు. గేటు చప్పుడు వినబడేదాకా నేను రిజిస్టర్‌లో నా సంతకాన్నే చూస్తూ ఉన్నాను.

తర్వాత ఆ వీధిలోకే వెళ్ళలేదు. ఒకసారి సంతలో దొరికిపోయాను.

"ఏం పాపా, రావడమే మానేసినావు? పుస్తకాల్లేకుంటే అవ్వ గుర్తు రాదా?"

"పరీక్షలవ్వా."

"ఊఁ. పరీక్షలే." వంకాయలు ఏరుతూ, నా వైపు చూడకుండానే అంది: "నాకు చెప్పకున్నా పర్వాలేదు. మీ అమ్మకు చెప్పు. మాట దొరక్కుంటే ఇంగ్లీషులోనే చెప్పు. అమ్మకు అర్థమైతాదిలే." తర్వాత కూరగాయలామెతో బేరానికి దిగింది. నేను వెళ్ళిపోయాను. అవ్వ నాతో మాట్లాడింది అదే ఆఖరు.

ఆ అరలోని పుస్తకాలు చదివి నేను చాలాసార్లు ఏడ్చాను. వాటిలో అన్యాయం చేసేవాళ్ళంటే నాకు అసహ్యం. కానీ ప్రతి పుస్తకంలోనూ పక్కన నిలబడి, అడిగినదానికి మాత్రం జవాబిచ్చి ఊరుకున్నవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళను నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఎవరూ వాళ్ళ గురించి ఏడవరు, వాళ్ళను తిట్టరు కూడా. నేను వాళ్ళలో ఒకదాన్ని.

బుధవారం ఆ ఆకు తీసుకొని మేష్ట్రు దగ్గరికి వెళ్ళాను. ఆయన ముందుపక్క చదివారు, తిప్పి వెనకపక్క చదివారు.

"యాకమ్మా? ఎందుకు చింపినావు?"

నేను తల దించుకున్నాను. ఆయన మళ్ళీ ఆ ఆకు వైపు చూశారు. ఇంక ఆ ప్రశ్న అడగలేదు.

"అవ్వకు తెలుసునా?"

"తెలుసు సార్."

మేష్ట్రు కుర్చీలో కూర్చున్నారు. ఫ్యాను గాలికి ఆకు లేచిపోతుంటే అరచెయ్యి పెట్టి ఆపారు. "ఇప్పుడు దీన్ని ఎవరు కుట్టల్ల?" అన్నారు, నాతో కాదు. ఆకును రిజిస్టర్ మధ్యలో పెట్టి, "అవ్వ గురించి రాయి. లైబ్రరీ పత్రికలో వేస్తాను. నేను చేసింది గూడా రాయి, దాచొద్దు. నీ పేరు వెయ్యను. అయితే అచ్చుకు పోకముందు మీ అమ్మకు చూపించి తేవల్ల" అన్నారు.

పేరు వేయకపోయినా, అవ్వ దగ్గరికి పుస్తకాలు మోసింది ఎవరో మీలో సగం మందికి తెలుసు. నాకు భయంగానే ఉంది. అయినా అవ్వ పేజీ పోగొట్టలేదు. ఈ ఒక్క సంగతి మీరు ఇంకో నలుగురికి చెప్పండి.

అమ్మ రాయదుర్గంలో తెలుగు మీడియంలో చదువుకుంది. నా తెలుగు ఎప్పుడూ ఆమే దిద్దుతుంది. నేను ఈ చివరి కాగితం రాస్తుండగా ముందు కాగితాలు అమ్మ చేతిలో ఉన్నాయి. వంటింటి గడప మీద కూర్చొని ఎర్ర పెన్నుతో దిద్దుతోంది. "ఒమే, ఒత్తులన్నీ మింగినావా? పదో క్లాసంటే పదో క్లాసు!" అని ఇందాక అరిచింది. ఒకచోట నవ్వింది. ఒకచోట ముక్కు తుడుచుకుంది. ఇప్పుడు బస్సు గురించి రాసిన కాగితం తీసింది. అది తొందర తొందరగా రాశాను, అందులో తప్పులు చాలా ఉంటాయి. అమ్మ ఒక్కటీ దిద్దడం లేదు.