రెండు కొత్తపల్లులు, ఒక పుట్టి బొమ్మ

కొత్త జిల్లాలు ఏర్పడిన తరువాత రెండో వేసవిలో నన్ను గద్వాలకు డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ సర్వేగా వేశారు. భూమి కొలతల శాఖలో ఇది మండల సర్వేయర్‌కు పై మెట్టు. సర్వేయర్ వేసిన హద్దు మీద ఎవరైనా అభ్యంతరం పెడితే మళ్ళీ కొలిచి తేల్చేది మేమే. మాకు ఆధారం టిప్పన్. ఒక సర్వే నంబరుకు ఎన్ని భుజాలు, ఏ భుజం ఎంత పొడవు అన్నది నిజాం కాలంలో గీసిపెట్టిన చిన్న పటం అది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు టిప్పన్లను స్కాన్ చేసే పని తాత్కాలికంగా మా కార్యాలయంలోనే పెట్టారు. ఊరికొక ఫోల్డరు. కంప్యూటరు తెర నిండా పసుపు ఫోల్డర్లే, కింద చీమ తలకాయలంత ఇంగ్లీషు అక్షరాలు.

ఆ పని చూసేది సువార్త అనే ఒప్పంద ఉద్యోగి. అమ్మానాన్నలు కూలికి వలసపోయిన ఇంటి పిల్ల. చిన్నతనమంతా బొంబాయి, పూణె వైపు మట్టిపనుల దగ్గర గడిచింది. నేను చేరిన నెలలోనే ఒక సోమవారం చూస్తే తెర మారిపోయి ఉంది. లేత గోధుమరంగు నేపథ్యం మీద మూడు జిల్లాలకు మూడు నిలువు వరుసలు, ప్రతి వరుసకూ ఒక రంగు. పసుపు ఫోల్డర్లకు బదులు తాను గీసిన బొమ్మలు. రాజోలి దిక్కు ఊళ్ళకు తుంగభద్ర మీద తిరిగే గుండ్రటి పడవ పుట్టి, అమరచింత దిక్కు మగ్గం, బిజినేపల్లి దిక్కు పల్లికాయ.

చూడటానికి ముచ్చటగానే ఉంది. అదే నాకు నచ్చలేదు. ఇది సర్కారు ఆఫీసు, పెళ్ళి పత్రిక కాదు, తీసెయ్యమన్నాను.

"సార్, బొంబాయిల మాకు అక్కడి అక్షరాలు తెల్వకుండె. మా రేకుల షెడ్డు తలుపు మీద మా అమ్మ సున్నంతోని చేప బొమ్మ గీసింది. అన్ని షెడ్లు ఒక్కతీరే ఉంటుండె గదా, నేను దాన్ని చూసుకుంటనే ఇంటికి వస్తుంటి. గీడ కూడా గట్లనే అనిపించింది" అంది.

ఆఫీసులో అందరికీ చదువు వచ్చునని జవాబిచ్చాను. ఆమె బొమ్మలు, వరుసలు తీసేసి మళ్ళీ పసుపు ఫోల్డర్లే పెట్టింది.

నెల తిరక్కుండానే రాజోలి వైపు కొత్తపల్లి నుంచి అభ్యంతరం వచ్చింది. బాలమ్మ అనే వితంతువుకు మూడెకరాల చేను, అందులో ఒక బోరు. మండల సర్వేయర్ వేసిన హద్దు తప్పని పక్క చేను రైతు దరఖాస్తు పెట్టాడు. ఆ సర్వేయర్ అప్పటికే బదిలీ మీద వెళ్ళిపోయాడు. నేను కొలతకు బయలుదేరిన పొద్దున సువార్త సెలవులో ఉంది. నేనే కంప్యూటరు తెరిచి, కొత్తపల్లి ఫోల్డరులో ఆ నంబరు టిప్పన్ ముద్రించుకుని జీపెక్కాను.

ఇరుగుపొరుగు రైతులందరికీ ముందే నోటీసులు అందాయి. అందరి ఎదుట గొలుసు దించాం. రెండు భుజాలు పటంతో కలవలేదు. పాత గొలుసుల్లో ఆ మాత్రం తేడా మామూలే అనుకుని సర్దేశాను. లెక్క ప్రకారం హద్దు జరిగి, బాలమ్మ బోరు పక్క చేనులోకి పోయింది. కొత్త హద్దు మీద రాయి పాతించాను. పంచనామా, అంటే జరిగిన కొలతను సాక్షుల సంతకాలతో రాసుకునే కాగితం, ఆమె ముందు పెట్టాను.

ఆమె కాగితాన్ని ముట్టలేదు. పటం మీద వంకరగా ఉన్న గీతను వేలితో చూపించింది.

"గిదేంది సారూ?"

"వాగు."

"మా చేన్ల వాగు ఏడుంది? ఏటి దిక్కు పోవాల్నంటే రెండు కోసులు నడవాలె. గీ కాయితం మా చేనుది కాదు. నేను ఏలిముద్ర ఎయ్య."

వాగు పూడిపోయి ఉంటుందని చెప్పాను. "నేను పుట్టింది గీ ఊర్లనే, సారూ" అని మాత్రం అంది. ఆ గొంతులో కోపం లేదు. అందుకే నాకు గుబులు పట్టింది. పాతిన రాయి పాతినట్టే ఉంచి, కొలత వాయిదా వేసి వచ్చేశాను.

ఆ టిప్పన్లు స్కాన్ చేసింది తానే కనుక, మర్నాడు సువార్త కాగితం చూసిన మరుక్షణమే చెప్పింది. "సార్, గిది బిజినేపల్లి దిక్కు కొత్తపల్లి. బాలమ్మది రాజోలి దిక్కుది. రెండు ఫోల్డర్లు పక్కపక్కనే ఉన్నయి." పటం మీద తాలూకా పేరు ఉర్దూలో ఉండే అంచు ఎప్పుడో చిరిగిపోయింది. ఊరి పేరొక్కటే మిగిలింది. అసలు టిప్పన్ తీస్తే వాగు లేదు, భుజాలన్నీ సరిపోయాయి. మండల సర్వేయర్ వేసిన హద్దే సరైనది.

ఆ మధ్యాహ్నమే కొత్తపల్లి వెళ్ళాను. నోటీసులు అందుకున్న వాళ్ళందరి ముందూ పొరపాటు నాదేనని చెప్పి, రాయి తీయించి, తిరిగి కొలిచాను. పక్క చేను రైతు కాసేపు గొణిగినా చివరికి సంతకం చేశాడు. బాలమ్మ కాగితం చదివించుకుని విని, తరువాతే వేలిముద్ర వేసింది. పై అధికారికి జరిగింది జరిగినట్టు రాసి పంపాను. సంజాయిషీ మెమో వచ్చింది, జవాబిచ్చాను.

బొమ్మలు ఉండి ఉంటే ఒక కొత్తపల్లి మీద పుట్టి, ఇంకోదాని మీద పల్లికాయ కనిపించేవి. సువార్తను పిలిచి, వాటిని మళ్ళీ పెట్టమని అడిగాను. ఆమె వాటిని చెరిపెయ్యలేదు, ఒక పక్కన దాచే ఉంచింది. ఒకే పేరున్న ఊళ్ళకు బొమ్మతో పాటు మండలం పేరు తెలుగులో పెద్దగా కనిపించాలని నేను కోరాను. రెండు రోజుల్లో తెర సిద్ధమైంది. తరువాతి ఏడాది ఆమె ఒప్పందం ముగిసి వేరే పనికి వెళ్ళింది. నేను పదవీ విరమణ చేసేనాటికీ ఆ తెర అలాగే ఉంది.

ఒక్కతీరుగా కనిపించే రెండింటిని పక్కపక్కన పెట్టి, మనిషి జాగ్రత్తగా చూసుకుంటాడులే అనుకుంటే అది సర్దినట్టు కాదు. తొందరలో ఉన్నవాడు కూడా సరైనదే అందుకునేలా ఉండాలి. నేలకూ కాగితానికీ పొత్తు కుదరనప్పుడు ముందు అనుమానించవలసింది కాగితాన్ని.