మూఢంలో వచ్చిన కంప్యూటర్లు

1993 జూలైలో సూర్యాపేటలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ లెక్చరర్‌గా చేరాను. గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్లు కలిపి బీయస్సీ చదివే మొదటి బ్యాచ్ అప్పటికి మూడో ఏడాదికి వచ్చింది. ఆ డిగ్రీ చేతికి రావాలంటే ఏమేం కావాలో విశ్వవిద్యాలయం స్పష్టంగానే చెప్పింది. భాషలు గట్టెక్కాలి. మూడు ప్రధాన సబ్జెక్టుల్లో విడివిడిగా పాస్ కావాలి. చివరి ఏడాది, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు కంప్యూటర్ మీద ప్రోగ్రాం నడిపి చూపించాలి. థియరీలో ఎన్ని మార్కులొచ్చినా ప్రాక్టికల్ పోతే డిగ్రీ లేదు. మంచి నియమమే. ఈత పరీక్ష గట్టు మీద పెట్టకూడదు కదా.

మా దగ్గర లోటు ఒక్కటే. కంప్యూటర్లు లేవు.

అవి డిసెంబరులో వచ్చాయి. వ్యాను నుంచి అట్టపెట్టెలు దించుతుండగానే శుక్ర మూఢం వచ్చిందని కబురు తెలిసింది. శుక్రగ్రహం సూర్యుడికి దగ్గరగా జరిగి మన కంటికి కనబడని రోజులవి. ఆ రోజుల్లో పెళ్లిళ్లు చేయరు, కొత్త పని ఏదీ మొదలుపెట్టరు. మూఢం విడిచేది ఫిబ్రవరి చివర. ప్రాక్టికల్ పరీక్ష ఫిబ్రవరి మొదట.

కళాశాల నడిపే కరస్పాండెంట్ నరసయ్య గారికి మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉండేది. ఆయన పెట్టెలకు పసుపు రాయించి, బొట్లు పెట్టించి, గదికి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నారు. అటెండరు రోజూ ఆ తలుపు దగ్గర అగరొత్తులు వెలిగించేవాడు. మా ఫిజిక్స్ లెక్చరర్ ఆ గది ముందు చెప్పులు విడిచి, నాలుగడుగులు నడిచి, మళ్లీ తొడుక్కునేవారు.

సంస్కరణ సభల్లో వాదించి పెరిగినవాణ్ని, ఊరుకోలేకపోయాను. శుక్రుడు కనబడకపోవడం మన కంటికి సంబంధించిన సంగతనీ, శుక్రుడికి ఏమీ కాలేదనీ, కరెంటు వచ్చేది సబ్‌స్టేషన్ నుంచనీ చెప్పాను. నరసయ్య గారు నిదానంగా విన్నారు.

"సార్, వేములపల్లి కాడ మా బామ్మర్ది మూఢంల మిల్లు షురూ జేసిండు. వారం దిరగకముందే బెల్టు తెగింది."

"ముహూర్తం చూసి మొదలుపెట్టిన మీ మిల్లులో బెల్టులు తెగలేదా?"

"తెగినయ్. అవి పాతవడి తెగినయ్."

సుద్దముక్క తీసుకుని క్లాసుకు నడిచాను.

ఇక నల్లబల్ల మీదనే ప్రాక్టికల్స్ మొదలుపెట్టాను. విద్యార్థులే కంప్యూటర్ భాగాలయ్యారు. ఒకరు ప్రోగ్రాంలోని వరుసలను ఒక్కొక్కటే చదవాలి. ప్రాసెసర్‌గా ఉన్నవారు లెక్క చేయాలి. మెమరీగా ఉన్నవారు అంకెలను పలక మీద రాసి దాచాలి. నల్లబల్ల మానిటర్. తిరుమలగిరి నుంచి వచ్చే సైదులు మెమరీ. బస్సు అందక అతను రాని రోజున ప్రోగ్రాం నడిచేది కాదు.

ప్రాసెసర్ సునీత. కోదాడ పక్కన చిలుకూరు అమ్మాయి. తల్లిదండ్రులు కూలికి పోయేవారు. ఈ ఏడు దాటితే ఇంకో ఏడు చదివించే ఓపిక తమకు లేదని తల్లి ముందే చెప్పేసింది. అంటే ప్రాక్టికల్ తప్పితే సునీతకు మళ్లీ రాసే అవకాశం లేదు, చదువు అక్కడితో ఖతం. ఒకరోజు ఆమె నేరుగా కరస్పాండెంట్ గదికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను.

"సార్, మేం చర్చికి పోతం. మాకు మూఢం లేదు. స్విచ్ నేను ఏస్తా" అంది.

నరసయ్య గారు ఆమెను కూర్చోమన్నారు. ఆయన దుర్మార్గుడు కాడు, అదే చిక్కు. "నీకు లేకపోతే లేదు బిడ్డా. కంప్యూటర్‌కు ఉంటది గద" అన్నారు.

కంప్యూటర్ ఏ మతానిదో ఎవరు తేల్చారని నేను అడిగాను. పసుపు రాసినంక ఇగ తేల్చేదేముందన్నారు.

పరీక్ష రోజు హైదరాబాదు నుంచి ఎగ్జామినర్ వచ్చారు. కంప్యూటర్లు ఎక్కడని అడిగారు. నరసయ్య గారు గది తెరిచి, బొట్లు పెట్టిన పెట్టెలు వినయంగా చూపించారు. ఎగ్జామినర్ చెప్పులు విడవలేదు, కోపగించుకోనూ లేదు. మధ్యాహ్నం బస్సు వేళదాకా చూస్తాననీ, అప్పటికీ యంత్రాలు నడవకపోతే అందరికీ గైర్హాజరు వేసి వెళ్లిపోతాననీ చెప్పి, కుర్చీ వేయించుకుని పేపరు తెరిచారు. సునీత గోడకు ఆనుకుని నిలబడింది.

దోషానికి పరిహారం ఏమైనా ఉంటుందేమోనని నరసయ్య గారు కోదాడ నుంచి సిద్ధాంతి గారిని కూడా పిలిపించారు. కొత్త యంత్రం ఆరంభించడానికి వీల్లేదని ఆయన పంచాంగం మూసేశారు. నేను మళ్లీ గ్రహగతుల మీద వాదన అందుకోబోయాను. అంతలో పెట్టె మీద అతికించిన చీటీ కంటబడింది. ఫ్యాక్టరీలో నడిపి సరిచూశామని, నవంబరు తేదీతో ముద్ర ఉంది. నాకు వేరే ఆలోచన వచ్చింది.

"సిద్ధాంతి గారూ, నడుస్తున్న బస్సు మూఢం రాగానే ఆగిపోవాలా?" అన్నాను.

"ఎందుకాగాలండీ? మూఢం ఆరంభాలకే. సాగుతున్న పనికి అడ్డేముందండీ."

చీటీ చదివి వినిపించాను. ఈ యంత్రాలు మూఢానికి ముందే, నవంబరులోనే ఆరంభమయ్యాయి, దారిలో కొన్నాళ్లు ఆగాయంతే అన్నాను. సిద్ధాంతి గారు కళ్లజోడు పెట్టుకుని ముద్రను చూశారు. "అయితే ఇది ఆరంభం కాదండీ, కొనసాగింపు" అని తీర్పు చెప్పారు.

నరసయ్య గారు నా వైపు తిరిగి, "గీ ముచ్చట ముందే చెప్పొద్దా సార్? రెండు నెలల సంది సూర్యుడు, శుక్రుడని నెత్తి తింటివి" అన్నారు. పెట్టెలు కోయడానికి ఆయనే ముందు కూర్చున్నారు.

కంప్యూటర్లు బిగించి విద్యార్థులను కూర్చోబెట్టాం. కీబోర్డును వాళ్లు ముట్టుకోవడం అదే మొదలు.

"సార్, అక్షరాలు వరుసల లేవేంది?" అంది సునీత.

"మూఢంల బిగిచ్చిన్రు గద" అన్నాడు సైదులు.

ఎగ్జామినర్ పేపరు చాటున నవ్వడం నేను చూశాను. ప్రధాన సంఖ్యలు కనుక్కునే ప్రోగ్రాం సునీతకు వచ్చింది. ఒక్కో అక్షరాన్ని వెతికి వెతికి కొట్టింది. యంత్రం నడుస్తూ ఒకచోట తప్పు అంకె చూపింది. ఏ వరుసలో తప్పుందో ఆమె వెంటనే పట్టుకుంది. రెండు నెలలు తానే ప్రాసెసర్‌గా ఉన్న మనిషికి అది కష్టం కాలేదు. దిద్ది మళ్లీ నడిపింది. సరైన అంకెలు తెర మీదికి వచ్చాయి. బస్సు వెళ్లిపోయినా ఎగ్జామినర్ కూర్చుని అందరి పరీక్షా పూర్తి చేశారు. ఆ వేసవిలో సునీత డిగ్రీ పాసైంది.

గెలిచానని అనుకున్నాను. మరుసటి ఏడాది కోదాడలో, మిర్యాలగూడలో కొత్తగా పెట్టిన కళాశాలల వాళ్లు కంప్యూటర్లు కొనేముందు మా సిద్ధాంతి గారి దగ్గరికి రాసాగారు. ఫ్యాక్టరీలో ఏ తిథిన నడిపారో ఆయన చీటీ చూసి చెప్పేవారు. అమావాస్య నాడు పరీక్షించిన ఒక యంత్రాన్ని మిర్యాలగూడ వాళ్లు తిప్పి పంపారు. అందులో ఏ లోపమూ లేదు. అంతకుముందు యంత్రం మన గుమ్మంలోకి వచ్చాకే దానికి మూఢం పట్టేది. నా వాదన పుణ్యమా అని అది ఫ్యాక్టరీదాకా పాకింది.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. మూఢనమ్మకంలోని సందు వాడుకుని ఒక పరీక్ష జరిపించవచ్చు, ఒకరి డిగ్రీ నిలబెట్టవచ్చు. అవసరమైతే ఈ రోజైనా అదే చేస్తాను. కానీ సందు వాడుకున్నవాడు గోడ కూల్చానని చెప్పుకోకూడదు. తర్వాత వచ్చేవాళ్లు ఆ సందుకు తలుపు బిగించి, గడపకు పసుపు రాస్తారు.