పలివెలలో ఎక్కిన షాఫ్టు

డెబ్బయ్యో దశకం చివర్లో ఒక వేసవి. రాజమండ్రి బస్సులో ఓ రైతు పలివెల దగ్గర ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఒళ్ళో గోనెపట్టా చుట్టిన ఇనప కడ్డీ ఉంది. నా ఒళ్ళో ఐటీఐ సర్టిఫికెట్టున్న ఫైలు. ఆయన దాన్ని చూసి, "ఏం చదివేరండీ?" అన్నాడు.

"టర్నరండి. లేతు మిషను మీద ఇనుము తరిగే పని."

ఆయన మొహం వెలిగింది. గబగబా గోనె విప్పాడు. అది ఆయిలింజను పంపు షాఫ్టు.

"కాలవలు కట్టేసేరండి, అరటితోట ఎండిపోతోంది. ఇది అరిగిపోయి పది రోజులైంది. మీరు చేసిపెడతారేంటండీ?"

వేలితో తడిమితే బేరింగు కూర్చునే చోట అరుగుదల తెలిసింది. రెండేళ్ళు నేను నేర్చుకున్నది సరిగ్గా ఆ పనే.

"చేస్తానండి. మిషనేదీ? మన కోనసీమలో రాజోలు నుంచి ఇక్కడిదాకా నేనెరిగి ఒక్కటీ లేదు."

"మన దగ్గర లేని మిషను మీద పని నేర్పడమేంటండీ?"

"నేర్పి, మిషనున్న ఊరు పొమ్మన్నారండి!" కసురుకున్నట్టే వచ్చింది మాట. కోపం ఆయన మీద కాదు.

"ఆయ్. అయితే ఇదీ పోవాలి, మీరూ పోవాలి," అంటూ షాఫ్టుకి మళ్ళీ గోనె చుట్టాడు.

రాజమండ్రిలో దిగేముందు ఫైల్లోంచి ఓ ఉద్యోగ దరఖాస్తు తీసి, దాని వెనక ఎక్కడ వెల్డింగుతో నింపాలో, ఎంత తరగాలో బొమ్మ గీసి, అక్కడి లేతు పనివాడికి చూపించమని ఇచ్చాను. రెండు చేతులా అందుకున్నాడు.

ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళు పరాయి రాష్ట్రాల ఫ్యాక్టరీల్లో ఎన్ని షాఫ్టులు తరిగానో. కోనసీమకి నేను చేసిన పని ఆ కాగితం ఒక్కటే.