అత్త గీసిన రైలు దారి

మొన్న మంగళవారం పొద్దున్నే మా మేనత్త కొడుకు ఫోను చేశాడు. "అమ్మ పోయింది వదినా. కాఫీ అడిగింది. తెచ్చేలోపే అయిపోయింది" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఒక్క కాఫీ తాగే తీరిక కూడా లేకపోయిందా మహాతల్లీ అనుకున్నాను. అప్పటినుంచీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకొచ్చానో మర్చిపోతాను, మళ్లీ వీధిలోకొస్తాను. అత్త చూస్తే "కాలుగాలిన పిల్లిలా ఏంటే ఆ తిరగడం" అనేది. తను మాత్రం తక్కువ తిరిగిందా!

మావయ్య మాచర్ల లైనులో ఒక చిన్న స్టేషనుకి మాస్టరు. మా ఊరు నరసరావుపేట వైపు. అత్త ఆదివారం పొద్దుటి పాసింజరుకి మా ఊళ్లో దిగేది, సాయంత్రం బండికి వెళ్లిపోయేది. మంచం చివర కూర్చునేది, ఒళ్లో సంచీతో. అన్నం నిలబడే తినేది. "కుదురుగా కూర్చోవే" అని నాన్న కసిరితే, "బండి పోతుందన్నయ్యా" అనేది. బండికి ఇంకా నాలుగు గంటలుండేది.

ఇది ఎనభైల్లో మాట. ఆ ఏడు నాన్న మా బాబాయిచేత మిరప మాన్పించి పత్తి వేయించాడు. తెల్లదోమ పడింది. ఇద్దరి చేలూ పోయాయి, అన్నదమ్ముల మధ్య మాటా పోయింది. ఒకే ఇల్లు, అటు వాళ్ల పొయ్యి, ఇటు మా పొయ్యి, మధ్యలో ఒక వసారా. "మీ బాబాయికి చెప్పు", "మీ నాన్నకి చెప్పు" అంటూ ఇద్దరూ నన్ను తిప్పేవాళ్లు. మా చర్చి గుడిలో చెరో మూల కూర్చునేవాళ్లు. తోడబుట్టినవాడి మీద కోపం పెట్టుకుని ప్రభువు బల్ల తీసుకోకూడదు కదా, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేటప్పుడు ఊరంతా లేచినా వీళ్లిద్దరూ లేచేవాళ్లు కాదు. దాదాపు ఏడాది అలా గడిచింది. ఇంతలో, ఈస్టరు దాటాక పెళ్లాం పిల్లలతో పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనికి వెళ్లిపోతానని బాబాయి తేల్చేశాడు.

"ఇలాగే వెళ్లాడంటే వాడిక చావుక్కూడా రాడే" అని అత్త నా ముందు కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే టైమెంతయిందని అడిగింది.

తర్వాతి ఆదివారం చంకలో ఒక కాగితం చుట్టతో దిగింది. నాలుగు ఎరువుల కొట్టు క్యాలెండర్లు అన్నం మెతుకులతో అతికించి, వెనకవైపు ఎర్ర, నీలం పెన్సిళ్లతో రైలు దారి గీసింది. గుంటూరు, నల్లపాడు, అక్కణ్ణుంచి ఒక కొమ్మ వినుకొండకి, ఒక కొమ్మ పిడుగురాళ్లకి. ఖాళీ దారపు రీళ్లు రైళ్లు. మిరప తొడిమలు, పత్తి గింజలు, సున్నపురాయి ముక్కలు సరుకు. సరుకు ముందుగా ఊరు చేర్చినవాళ్లు గెలిచినట్టు. నలుగురు కావాలంది. తను, నేను, నాన్న, బాబాయి. అక్క మాట కాదనలేక బాబాయి వచ్చాడు, చెల్లెలి మాట కాదనలేక నాన్న వచ్చాడు. వసారాలో ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు.

అసలు కిటుకు ఆట నియమంలో ఉంది. మావయ్యకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి స్టేషను గదిలో చూసి నేర్చుకున్నదే అది. దారి ఒక్కటే, రెండు స్టేషన్ల మధ్య ఒక్క బండే ఉండాలి. ముందొచ్చే స్టేషను ఎవరిదో వాళ్లని నోరు తెరిచి "లైన్ క్లియరా?" అని అడగాలి. వాళ్లు ఒప్పుకుని, దారి ఇచ్చినట్టు గుర్తుగా ఒక రబ్బరు గాజు మన చేతిలో పెడితేనే బండి కదలాలి. లేకపోతే ఆగాలి. నల్లపాడు నాన్నకిచ్చింది, గుంటూరు బాబాయికిచ్చింది. అత్త మామూలు మనిషా!

తొడిమలతో నాన్న రైలు నల్లపాడు చేరింది. నాన్న నావైపు తిరిగి, "లైన్ క్లియరేమో అడగవే మీ బాబాయిని" అన్నాడు.

"గుంటూరు మాస్టారికి చెవుడు లేదన్నయ్యా. నువ్వే అడుగు" అంది అత్త.

నాన్న రీలు విసిరికొట్టి లేచిపోయాడు.

మరుసటి వారం మళ్లీ వచ్చింది. ఈస్టరు ఇంకో వారమే ఉంది. మళ్లీ అవే స్టేషన్లు, మళ్లీ అదే పీకులాట. నాన్న రైలు నల్లపాడులో, బాబాయి రైలు గుంటూరులో ఎదురెదురుగా ఆగిపోయాయి. ఎంతసేపో ఎవరూ కదల్లేదు. నాకు ఒళ్లంతా జెర్రులు పాకుతున్నట్టుంది. "ఎవరో ఒకరు అడగండి బాబూ!" అని అరిచాను. అత్త నా తొడ మీద గట్టిగా గిల్లింది. "ఆగడం కూడా పనేనే" అంది. తను మాత్రం మోకాలు ఊపుతూనే ఉంది.

చివరికి నాన్న కాగితంకేసి చూస్తూ, "లైన్ క్లియరా?" అన్నాడు.

"ఇవ్వను" అన్నాడు బాబాయి.

అత్త చప్పట్లు కొట్టేసింది. "విన్నావటే! మాట్లాడాడు!"

"ఎందుకివ్వవురా?" నాన్న గొంతు లేచింది.

"నా ఇష్టం. ఒకసారి నీ మాట విని పత్తి వేసి చూశాగా!"

"నాది మాత్రం మిగిలిందేంట్రా?"

"పోతే పోయింది, పంట సంగతి కాదు. దోమ పడ్డప్పుడు ఒక్కసారి నా చేలోకొచ్చి నిలబడ్డావా నువ్వు?"

నాన్న రీలు మీదినుంచి చెయ్యి తీసేశాడు. తర్వాత, "ఏ మొహం పెట్టుకుని రానురా?" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

బాబాయి గాజు తీసి నాన్న చేతిలో పెట్టాడు. "పోనీ బండి" అన్నాడు. నాన్న కళ్లు తుడుచుకుని రీలు జరిపాడు. మరు నిమిషంలోనే, గుంటూరులో ఎవరి బండి పక్క పట్టాల మీదికి తప్పుకోవాలన్నదాని మీద ఇద్దరూ పెద్ద రాద్ధాంతం మొదలెట్టారు. ఏడాది మాటలన్నీ ఒక్కసారే ఊడిపడ్డట్టు అరుచుకున్నారు.

ఈస్టరు నాడు ఇద్దరూ పక్కపక్కన నడిచి బల్ల తీసుకున్నారు. బాబాయి పిడుగురాళ్ల వెళ్లనే వెళ్లాడు. కానీ చెప్పి వెళ్లాడు, ట్రంకుపెట్టె నాన్నే స్టేషను దాకా మోశాడు.

ఇంత చేసినావిడని, వాళ్లు మాట కలిపిన ఆ ఆట సాయంత్రం మాలో ఎవరమూ సాగనంపలేదు. పోట్లాట చూస్తూ నేను కూడా అత్త లేచిన సంగతే గమనించలేదు. తలతిప్పి చూస్తే సంచీ లేదు. గుమ్మంలోకి పరిగెత్తాను. ఊరి చివర, మిరపకాయలు ఎండబోసిన కల్లాల మధ్య పడి, చెప్పులు చేత్తో పట్టుకుని స్టేషను వైపు దాదాపు పరిగెడుతోంది. "అత్తా!" అని అరిచాను. తిరిగి చూడలేదు.

అంతలో ఆగింది. వెనక్కి తిరిగింది. నన్ను కాదు, మా వసారా వైపు చూస్తోంది. అన్నదమ్ముల అరుపులు అక్కడి దాకా వినపడుతున్నట్టున్నాయి. అటు స్టేషన్లో బండి కూత వేసింది. ఎర్రటి కాయల మధ్య అత్త కదలకుండా నిలబడి వింటోంది.